చప్పట్లకి చప్పట్లు

అడవి విశ్వవిద్యాలయంలో గూళ్ళ శాఖకి గిజిగాడు, ఈత శాఖకి బాతు పెద్దలు. ఒకరి పాఠం ఇంకొకరు చూసి లోపాలుంటే చెప్పుకోవాలని ప్రిన్సిపాలు నెమలి హుకుం జారీ చేశాడు.

ముందు బాతు వెళ్ళి చెట్టు కింద కూర్చున్నాడు. గిజిగాడు పిల్లల చేత ఎండుగడ్డితో గూళ్ళు అల్లిస్తున్నాడు. బతుకంతా నీళ్ళలోనే కనక, తడపనిదే ఆ గడ్డి వంగదని బాతుకి చూడగానే తెలిసిపోయింది. కళ్ళ ముందే ఓ గూడు పుటుక్కున తెగి, పిల్ల కిందపడి కాలు విరగ్గొట్టుకుంది కూడా. కానీ మర్నాడు తన పాఠం చూడ్డానికి వచ్చేది గిజిగాడే. అందుకని బాతు రెక్కలు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టి, "ఏం అల్లిక మాస్టారూ! కళ్ళు చెదిరిపోయాయనుకోండి" అన్నాడు.

మర్నాడు గిజిగాడు, బాతు ఈత నేర్పే మడుగు మీది కొమ్మెక్కాడు. పైనుంచి చూస్తే నీళ్ళడుగున మొసలి వీపు స్పష్టంగా కనిపిస్తోంది. చెబుదామని నోరు తెరిచాడు. నిన్నటి చప్పట్లు గుర్తొచ్చి మూసుకున్నాడు.

"అద్భుతం మాస్టారూ! ఇలాంటి ఈత నేనెక్కడా చూళ్ళేదు" అన్నాడు.

నెమలి ఇద్దరికీ దండలు వేశాడు.

వానాకాలం వచ్చేసరికి మడుగులో పిల్లలు సగమయ్యారు.

"ఈ కాలం పిల్లలకి చదువంటే శ్రద్ధ లేదు మాస్టారూ. రోజురోజుకీ హాజరు పడిపోతోంది" అని బాతు నిట్టూర్చాడు.

గిజిగాడు మడుగు వంక చూడకుండా తలూపాడు. "మా దగ్గరా అంతేనండీ. ఎప్పుడు చూసినా కాలో రెక్కో విరగ్గొట్టుకుని సెలవడుగుతారు."