ఇల్లు కదలని కో-ఫౌండర్

"సంతకం పెట్టేముందు మీ ఆవిడతో ఒకసారి మాట్లాడాలి తమ్ముడూ," అన్నాడు తెరమీద సీనియర్.

ఇంజనీరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కాలేజీలో సీనియర్ అయిన ఈ పెద్దమనిషి పరాయి దేశంలో కంపెనీ పెట్టాడు. టెక్నికల్ కో-ఫౌండర్‌గా చేరి, ఇక్కణ్ణుంచే సాఫ్ట్‌వేర్ అంతా ఇంజనీరు రాయాలి. ఇల్లు కదలకుండా, నెత్తిన ఎవడూ లేకుండా బతకాలని అతని కల. పాత ఉద్యోగానికి రాజీనామా కూడా పడేశాడు.

"ఆవిడెందుకన్నా? ఆవిడకి కోడింగ్ రాదు."

"నీతో కాపురం చెయ్యగలనా లేదా తెలియాలి కదరా. చేసినవాళ్ళనే అడగాలి."

ఇంజనీరు వంటింట్లోకి పరిగెత్తాడు. అతని మీటింగ్ ముగిస్తే మిక్సీ వేసుకుందామని భార్య చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నీకు దణ్ణం పెడతా. నా గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పు."

"నాలుగా? వెతకాలి."

వచ్చి తెర ముందు కూర్చుంది.

"మావాడు ఎలాంటివాడమ్మా?"

"బంగారం అన్నయ్యగారూ. కూర్చున్న కుర్చీలోంచి లేవరు."

"కోపం?"

"అస్సలు లేదు. చెవుల్లో అవి పెట్టుకుంటే నేనేమన్నా వినపడదు."

"చాలమ్మా, నాకు నచ్చాడు."

"మీ సంగతి నాకూ తెలియాలిగా? వదినగారిని కూర్చోబెట్టండి. మగవాళ్ళు బయటికి నడవండి."

తలుపు మూసుకుంది. ఇంజనీరు వరండాలో గోళ్ళు కొరుకుతూ నిలబడ్డాడు. అంత పిరికివాడు కంపెనీ పెడతాడట! ఫోన్ మోగింది. అవతల సీనియర్. అతన్నీ గదిలోంచి గెంటేశారు.

"ఏం మాట్లాడుకుంటున్నార్రా?"

"తెలీదన్నా. నవ్వులు వినపడుతున్నాయి."

"ఇక్కడా అంతే."

"నవ్వుతుంటే మంచిదేగా?"

"మా ఇంట్లో కాదు."

తలుపు తెరుచుకుంది.

"ఖాయమైంది. వెళ్ళి సంతకం పెట్టండి," అంది భార్య.

అతని కళ్ళు చెమర్చాయి. "నువ్వు దేవతవే! ఇంక రోజంతా నీ కళ్ళముందే ఉంటాను."

ఆమె స్టూలెక్కి అటకమీంచి పెద్ద పెట్టె దించి, కొంగుతో దుమ్ము దులిపింది.

"అదెందుకు?"

"ఫౌండర్లు దూరదూరంగా ఉంటే కంపెనీ నిలవదని మేమిద్దరం తేల్చాం. మీరు వాళ్ళింటికి వెళ్తున్నారు. వదిన మనింటికి వచ్చేస్తోంది."