గుర్తు చెబితే ఇస్తారు

లెక్కల పీరియడ్ మొదలైపోయినా అయిదో తరగతి జాడ లేదని యూదుల బడి హెడ్మాస్టరు రబ్బీ లెంట్స్‌నర్ కోటు కూడా తొడుక్కోకుండా ఆటస్థలంలోకి వచ్చేశారు.

కెనడాలోని విన్నిపెగ్‌లో ఆ మధ్యాహ్నం మంచు చప్పుడు లేకుండా దిగుతోంది. పిల్లలంతా ప్రహరీ దగ్గరి బండరాయి చుట్టూ మూగి ఉన్నారు.

పిల్లలు మోరా అని పిలిచే పెనీనా టీచరు గొంతు తగ్గించి సంజాయిషీ చెప్పుకుంది. యూదుల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా నుంచి, దొరికిన వస్తువుల గురించిన పాఠం నడుస్తోందనీ, పూర్వం యెరూషలేములో వస్తువు పోగొట్టుకున్నవాళ్ళూ, అది దొరికినవాళ్ళూ ఒక రాతి దగ్గర కలుసుకునేవారనీ, గుర్తు చెప్పినవాళ్ళకే వస్తువు ఇచ్చేవారనీ, పిల్లలు దాన్నే ఆడి చూస్తున్నారనీ అంది.

"ఇంకొక్కరు. ఆ తర్వాత అందరూ లోపలికి," అన్నారు రబ్బీ గారు.

అప్పటికే చేతి తొడుగులూ, ఒక మఫ్లరూ, ఎవరిదో టిఫిన్ డబ్బా మూతా సొంతదారులను చేరాయి. ఇస్కా రాయెక్కింది.

"నాది పాట పోయింది," అంది.

పిల్లలు కిసుక్కున నవ్వారు. "పాట ఎవరికి దొరుకుతుందే, జేబులో వేసుకోడానికి?" అన్నాడు గెర్షోన్.

ఇస్కా వాడి వైపు చూడలేదు. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక తాత పాడేవాడనీ, మాటలు ప్రార్థన పుస్తకంలో ఉన్నా బాణీ మాత్రం తాత తన ఊరి నుంచి తెచ్చుకున్నదనీ, తాత పోయాక ఇంట్లో ఎవరికీ రావడం లేదనీ చెప్పింది. నాన్న మొదలుపెడతాడట గానీ మధ్యలో వేరే పాటలోకి జారిపోతాడట.

"మరి నీకొచ్చా?" అంది టీచరు.

"సగమే వచ్చు మోరా. అక్కడికొచ్చేసరికి తాత ఒళ్ళో నిద్రపోయేదాన్ని."

టీచరు రాయికి దగ్గరగా జరిగింది.

"ఆ సగమే గుర్తనుకో. పాడు తల్లీ."

ఇస్కా కళ్ళు మూసుకుని రాగం తీసింది. మెత్తటి మంచులో ఎవరో నింపాదిగా నడిచి వస్తున్నట్టు సాగింది ఆ బాణీ. కాస్త పైకెక్కింది. ఆ పిల్ల నిద్రపోయే చోటికి వచ్చి ఆగిపోయింది. రెప్పల మీద మంచు పొడి నిలిచి ఉంది.

అప్పుడు వెనక నుంచి ఒక బొంగురు గొంతు ఆగిన చోటే అందుకుంది. తడబడుతూ, మెట్టు మెట్టుగా దిగి, పాటని చివరిదాకా చేర్చింది.

అందరూ వెనక్కి తిరిగారు. భుజాల నిండా మంచుతో రబ్బీ గారు నిలబడి ఉన్నారు.

ఇస్కా మొహం విప్పారింది. "అదే. మీకు దొరికిందా రబ్బీ గారూ? నాకిచ్చేస్తారా?"

ఆయన రాయి దగ్గరికి నడిచి వచ్చి ఆ పిల్ల పక్కనే నిలబడ్డారు.

"నాకు దొరకలేదమ్మా, నేనూ పోగొట్టుకున్నవాణ్ణే. మా నాన్నదీ మీ తాత ఊరేనేమో, ఈ పాట పాడుతూ నన్ను ఎత్తుకెళ్ళి పక్క మీద వేస్తుంటే మెలకువ వచ్చి విన్న చివరే నాకు మిగిలింది. ఆ మొదలు ఇంకొక్కసారి పాడవూ?"