మూడో వరుసలో కర్ర చప్పుడు

టక్.

మూడో వరుసలోంచి మళ్లీ అదే చప్పుడు. ఆపరేటర్ తన గది కిటికీలోంచి హాల్లోకి తొంగిచూశాడు.

ఉన్నది ఒక్క ముసలావిడే. తెర మీద పాతకాలపు బ్యాలే. పేరుమోసిన నర్తకి మునివేళ్ల మీద గిరగిరా తిరుగుతోంది. ఎగిరే ముందల్లా ఎడమవైపు ఓరగా ఒక చూపు విసురుతుంది. ఆ చూపు కోసమే ఒకప్పుడు జనం విరగబడి వచ్చేవారు.

రీళ్లలో శబ్దం ఎప్పుడో చెరిగిపోయింది. మిగిలింది బొమ్మే. వాద్యాల రికార్డు విడిగా దొరికింది గానీ, ఎన్నిసార్లు కలిపినా పాటది ఒక దారి, పాదాలది ఒక దారి. శనివారం ఆటకు రెండూ పొసగకపోతే రీళ్లు చెత్తకేనని యజమాని తేల్చేశాడు. ముప్పై ఏళ్లుగా వాటిని కళ్లల్లో పెట్టుకుని చూసుకున్నవాడు ఆపరేటర్.

టక్.

అతను దిగి వచ్చాడు.

"మామ్మగారూ, అసలే పాట కుదరక చస్తున్నాను. మీ కర్ర నా ప్రాణం తోడేస్తోంది."

చూపుడువేలు కర్ర పొడవునా నిటారుగా ఆనించి పట్టుకుందావిడ. కళ్లు తెర మీదే ఉన్నాయి.

"ఆవిడకి పాట వినపడదు బాబూ. నేల అదిరితేనే అరికాళ్లకి తెలిసేది."

"తెర మీది మనిషికి అరికాళ్లెక్కడివి? ఉన్నదంతా వెలుతురే. ఆ కర్ర ఇలా ఇవ్వండి, వెళ్లేటప్పుడు తీసుకుందురుగాని."

"కర్ర లేకపోతే పడిపోతుంది."

"పడితే నేను పట్టుకుంటాలెండి."

ఆవిడ నవ్వలేదు. కర్ర ఇచ్చేసింది. ఆట సగంలోనే లేచి, కుర్చీల వీపులు పట్టుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"మీ మామ్మగారు పోయారట," అన్నాడు గేటు దగ్గర టిక్కెట్లు చింపే మనిషి, శుక్రవారం పొద్దున. "అద్దెగదిలో ఒక్కర్తే ఉండేదట. కర్ర ఏం చేద్దాం?"

ఆపరేటర్ దాన్ని తీసుకుని పైకెక్కాడు. కర్రను తన గది మూలకు ఆనించి, ఖాళీ హాలుకి రీలు వేశాడు. పాట పెట్టలేదు.

టక్.

చెవిలో ఉండిపోయిందో, మూడో వరుసలోనే ఉండిపోయిందో.

టక్.

చప్పుడు పడ్డచోటల్లా పాదం పడుతోంది. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు.

అతను పాట రికార్డు పెట్టాడు. ఆ చప్పుడు వెంటే పాటను కొంచెం కొంచెం జరుపుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నానికి పాటా పాదమూ ఒకటయ్యాయి.

ఆఖరి గెంతులో కాలు తెర అంచు దాటిపోతోంది. అదెక్కడ ఆనుతోందో చూద్దామని, యంత్రంలో బొమ్మ అంచుల్ని కప్పే రేకు ఊడదీశాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ తీసింది లేదు.

బొమ్మ తెర దాటి గోడ మీదికి పరుచుకుంది.

ఎడమవైపు, ఇన్నాళ్లూ ఆ రేకు చాటున ఉండిపోయిన మూలలో, మోకాళ్ల మీద కూర్చున్న ఒక పడుచుపిల్ల, చూపుడువేలు నిటారుగా ఆనించిన కర్రతో నేలను కొడుతోంది. లోకం మురిసిపోయిన ఆ ఓరచూపు ప్రతిసారీ వెళ్లి ఆమె మీదే వాలుతోంది.