అద్దానికి మరక

1985లో తాండూరు నాపరాళ్ల ఫ్యాక్టరీకి కంప్యూటర్ వచ్చింది. యజమాని పాండురంగం దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు.

టైపు మీటలు లేవు. తెర మీద గళ్లు వస్తాయి. కావలసిన గడిని వేలితో తాకితే చాలు.

దాన్ని నడపడానికి కంప్యూటర్ కంపెనీవాళ్లే మార్తను పంపారు. పట్నంలో పని నేర్చుకున్న వికారాబాద్ పిల్ల. రోజూ రైల్లో వచ్చేది. తల్లి అనంతగిరి దవాఖానలో ఉంది. మందులకు ఈ జీతమే దిక్కు.

మొదటి రోజే వివరాలన్నీ అడిగి, పాండురంగం బల్ల మీద ఒక పెన్సిలు పెట్టాడు.

"దీనితోని తాకు బిడ్డా. వేలు పెడితే అద్దానికి మరకలైతయి."

పెన్సిలు సన్నం. ఒకసారి తెర పలకదు. ఇంకోసారి పక్క గడి పలుకుతుంది. తెర నిటారుగా ఉంటుంది కనుక రోజంతా చెయ్యి ఎత్తే ఉంచాలి. మధ్యాహ్నానికి భుజం లాగేది. పెన్సిలు వణికేది.

"వేలితోనైతే తప్పులు రావు సార్. మాకు నేర్పింది గట్లనే."

"మస్తు పైసలు పోసి తెచ్చిన. జర పైలం."

మర్నాడు ఆమె సబ్బుతో రుద్ది కడుక్కుని అరచేతులు చూపించింది. అతను వాటివైపు చూడలేదు.

"సబ్బుకు పోదు బిడ్డా."

సాయంత్రం ఆమె వెళ్లాక తడిగుడ్డతో అద్దాన్ని తనే తుడిచేవాడు.

"సేటుకు పెండ్లాం మీద లేని ప్రేమ మిషన్ మీద," అనేవాడు ముసలి గుమాస్తా దేవప్ప.

"ప్రేమ గాదు తాతా, పిచ్చి," అని మార్త నవ్వేది.

ఒకనాడు పెన్సిలు జారింది. పుణెకు నీలం రాయి పోవాలి. పసుపు రాయి లారీకెక్కింది.

"నీతోని కాదు. రేపటి నుంచి రాకు," అన్నాడు పాండురంగం.

"ఒక్కసారి వేలితో చేసి చూపిస్త సార్. మా అమ్మ దవాఖానల ఉంది."

"పెన్సిలు ఆడ పెట్టి పో."

పెట్టి వెళ్లింది.

సోమవారం కొత్తగా చేరిన గుమాస్తాను పాండురంగం మొదట ఇంటిపేరు అడిగి, కులం కనుక్కొని, ఆ పెన్సిలును కాగితం ముక్కతో పట్టుకుని కిటికీలోంచి పారేసి, "వేలితోనే కానియ్ బాబూ, అద్దానికేమైతది," అన్నాడు.