పది ఫోన్లు

"తొమ్మిదింటిలోపు పది ఫోన్లు రావాలమ్మా. తొమ్మిదొచ్చినా కుదరదు," అంటూ ఆఫీసరు ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది పనిచేస్తోందని తేలాకే కింద పెట్టాడు.

రేడియో పిన్ని సరేనని తలూపింది. ఆవిడ ఊరందరికీ పిన్నే. ఆ బుల్లి రేడియో కూడా ఊరిదే. పదకొండేళ్ల కిందట మనిషికింత అని వేసుకుని పెట్టుకున్నారు. వడ్రంగి బల్ల చేసిచ్చాడు, దర్జీలు గోడలకు దళసరి గుడ్డలు కుట్టిపెట్టారు. గది మాత్రం మున్సిపాలిటీది. వినేవాళ్లు లేని రేడియోకి గది దండగ, పాత ఫైళ్లు పడేసుకున్నా నయమని పెద్దలు అనుకున్నారు. ఆఖరిసారి చూసి రమ్మని ఈయన్ని పంపారు. ఈరోజు పది ఫోన్లు రాకపోతే రేపు పిన్ని తాళంచెవి ఇచ్చేయాలి. పోయిన నెల కూడా ఒకాయన వచ్చి కూర్చుని లెక్కపెట్టాడు. రెండంటే రెండొచ్చాయి, అందులో ఒకటి రాంగు నంబరు.

ఉక్కగా ఉందని ఆఫీసరు విసుక్కున్నాడు. ఫ్యాను స్విచ్చి పక్కగదిలో ఉందని పిన్ని చెప్పింది. ఆయన వెళ్లి గోడకి కనబడ్డ స్విచ్చులన్నీ టకటకా నొక్కితే ఎట్టకేలకు ఇక్కడ ఫ్యాను తిరిగింది.

పొద్దున్న ఏడయింది. మైకు పక్కన ఎర్రబల్బు వెలిగింది. రెండో వీధికి ఈ పూట నీళ్లు రావు, ఖాళీ కుళాయి దగ్గర పోట్లాడుకుని గొంతులు పాడుచేసుకోవద్దని పిన్ని చెప్పింది. పళ్ల డాక్టరు రేపే వస్తాడని, అందాకా ఓర్చుకోమని అంది. బస్టాండులో దొరికిన కళ్లజోడు తన దగ్గర భద్రంగా ఉందని, దారి కనబడకపోతే ఎవరినైనా తోడు తీసుకుని రమ్మని పిలిచింది. ఆఫీసరుకు నవ్వొచ్చింది. కానీ ఆయన కాగితంలో నవ్వుకి గడి లేదు, అందుకని ఆపుకున్నాడు.

ఆ తర్వాత పిన్ని అసలు సంగతి చెప్పింది. ఈ గది నిలవాలంటే తలా ఒక్క ఫోను చెయ్యమంది. ఏడున్నరకు మళ్లీ అడిగింది. ఎనిమిదికి బతిమాలింది. ఫోను ఉలకలేదు, పలకలేదు.

"మీ పాటికి మీరు చెప్పుకుపోతున్నారు గానీ, ఎవరూ వింటున్నట్టు లేదమ్మా," అన్నాడు ఆఫీసరు కాస్త జాలిగానే. కాగితం మీద సున్నా చుట్టడానికి కలం మూత తీశాడు. పిన్ని తల దించుకుంది.

అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. మంగలి వచ్చాడు, చేతిలో కత్తి అలాగే ఉంది. వెనకాలే ఒక బుగ్గన సబ్బునురగతో ఆయన గిరాకీ.

"పిన్నీ, బాగానే ఉన్నావా?"

"నాకేమయిందిరా?"

"పొద్దుట్నుంచీ రేడియోలో ఉలుకూ పలుకూ లేదు. నీకేమైనా అయిందేమోనని కొట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చాం."

ఆఫీసరు చేతిలో కలం ఆగిపోయింది. బేకరీ అక్క ఆయాసపడుతూ మెట్లెక్కింది. పిన్ని కబుర్లు అవగానే పొయ్యిలోంచి రొట్టెలు తీయడం ఆవిడకు అలవాటట. ఈరోజు కబుర్లూ రాలేదు, రొట్టెలూ బొగ్గులయ్యాయని మొత్తుకుంది. కాంపౌండరు బీపీ మిషను చంకన పెట్టుకుని వచ్చాడు. పిన్ని వద్దంటున్నా చేతికి పట్టీ చుట్టేశాడు. ఇక బస్సు డ్రైవరున్నాడే, 'ఎనిమిదయింది, బయల్దేరు నాయనా' అని పిన్ని అంటే గానీ ఆయన బండి కదలదు. ఆ మాట ఎంతకీ వినబడకపోయేసరికి జనంతో సహా బస్సును తెచ్చి రేడియో గుమ్మం ముందు నిలబెట్టాడు.

జనాన్ని తోసుకుంటూ మెకానిక్ తాత వచ్చాడు. పక్కగదిలోకి వెళ్లి, గొంతును ఊళ్లోకి పంపే ట్రాన్స్‌మిటరును చూసి వచ్చాడు.

"ఆరున్నరకి నేనే వేసి టీకి వెళ్లాను. ఎవరో స్విచ్చి ఆపేశారు," అన్నాడు.

అంటే గంటకు పైగా పిన్ని చెప్పిందంతా ఆ నాలుగు గోడలే విన్నాయన్నమాట. మైకున్న చోట రేడియో పెడితే కూత పెడుతుందని అక్కడ రేడియో ఉంచరు. దాంతో లోపలున్నవాళ్లకు తెలిసే దారి లేకపోయింది.

ఆఫీసరు ముఖాన నెత్తురుచుక్క లేదు. ఫ్యాను కోసం తనే నొక్కేసి ఉంటానని నెమ్మదిగా గొణిగాడు. పోన్లెండి బాబూ, కావాలని చేశారా ఏమిటి అని పిన్ని ఓదార్చింది.

ఆయనకు ఒక్కటే అర్థం కాలేదు. ఇంత ప్రాణం పెట్టుకున్నవాళ్లు పోయిన నెల ఒక్క ఫోను చేస్తే ఏం పోయిందని మంగలిని అడిగాడు.

"ఇంట్లో మనిషి మాట్లాడుతుంటే మనం ఫోన్ చేస్తామా సార్? వింటాం, అంతే," అన్నాడు మంగలి.

పిన్నికి నిజంగానే కళ్లు చెమర్చాయి. ఆఫీసరు లేచి, మెట్ల మీదివాళ్లనీ బస్సులోవాళ్లనీ కలిపి తలలు లెక్కపెట్టాడు. అరవై మూడు. 'ఫోన్లు లేవు. రేడియో ఆగితే గంటలో వచ్చినవారు అరవై ముగ్గురు. గది రేడియోకే ఉండాలి' అని రాసి, అందరికీ వినబడేలా చదివి సంతకం పెట్టాడు. వెళ్తూ వెళ్తూ పిన్నికి ఇంకోసారి క్షమాపణ చెప్పుకున్నాడు.

తాత ట్రాన్స్‌మిటరు వేశాడు. తొమ్మిదవుతోంది, ఇకనైనా బయల్దేరు నాయనా అని పిన్ని మైకులో అంది. కింద బస్సు ఒక పెద్ద హారను కొట్టి కదిలింది. ఆవిడ పాట పెట్టి, చాన్నాళ్ల తర్వాత హాయిగా కుర్చీలో వెనక్కి వాలింది.

తాతకు మాత్రం మనసులో ఏదో తొలుస్తోంది. "ఫ్యాను స్విచ్చి తలుపు పక్కన ఉంది. ట్రాన్స్‌మిటరుది బీరువా వెనక, మూత ఎత్తితే గానీ చెయ్యి అందదు. ఆయన ఆపే వీల్లేదమ్మా. మరి ఎవరు ఆపినట్టు?"

మైకు ఎర్రబల్బు ఆరిపోయి ఉందో లేదో పిన్ని ఒకసారి చూసుకుంది.

"నేనే ఆపాను," అంది.