మోకులు పట్టినవాళ్ళు

"అది కాదురా మనవడా, ముందా కర్ర కింద పెట్టు. తర్వాత మాట్టాడదాం."

పెద్దన్న మాట ఎప్పుడూ నింపాదిగానే ఉంటుంది. శివాజీ కర్ర కింద పెట్టలేదు.

శివరాత్రి మధ్యాహ్నం. కోటప్పకొండకు పోయే దారి మలుపులో రెండు ఊళ్ళ ప్రభలు ఒకేసారి వచ్చి ఆగాయి. ఇటు పెద్దన్న వాళ్ళ ఊరు ఊటుపాలెంది, అటు ఎర్రగుట్టపాడు వాళ్ళది. సామి మొక్కుకని వెదురుతో కట్టి లైట్లతో అలంకరించిన ఆ గోపురాలు రెండూ తాడిచెట్టును మించిన ఎత్తు. ఒకటి ఆగితేనే రెండోది మలుపు తిరుగుతుంది. ప్రభలు ఒరిగిపోకుండా నాలుగు వైపులా మోకులు బిగబట్టి మగవాళ్ళు నిలబడ్డారు. ఎర్రగుట్టపాడు ప్రభ ముందు వరసలో ఉన్నవాళ్ళ చేతుల్లో కర్రలున్నాయి.

"ముందటేడు ఆళ్ళు మనోళ్ళని కొట్టారు. తిరిగి కొట్టొద్దన్నావు, దారిచ్చాం. పోయినేడు అడక్కముందే ఇచ్చాం. ఈ ఏడూ ఇస్తే మన ఊళ్ళో ప్రభ కట్టేవోడే ఉండడు తాతా."

"వెనక పోతే సామి మొహం తిప్పుకుంటాడంట్రా?"

"సామి సంగతి కాదు, మన సంగతి. దెబ్బలు తింటా కూర్చుంటే ఏ ఊరూ మిగల్దు."

"కొడితే మిగులుద్దా?"

"మిగిలారుగా. చూడు."

శివాజీ వేలు చూపించిన వైపు పెద్దన్న చూశాడు. నిజమే. అవతలి ప్రభ కొత్త లైట్లతో మెరిసిపోతోంది. మోకుల దగ్గర వీళ్ళకు రెట్టింపు జనం ఉన్నారు.

ఊటుపాలెం ప్రభను లాగే ట్రాక్టరు మీంచి డ్రైవరు అబ్దుల్ మజీద్ తల బయటపెట్టాడు. "కొట్టుకునేటట్టయితే ముందే చెప్పు మామా. నా లైట్లు విప్పుకుని పక్కన పెట్టుకుంటా."



"మనోళ్ళు పది మంది వెనక ట్రక్కు కాడికి కర్రల కోసం పోయారు" అన్నాడు శివాజీ. "ఆళ్ళు వచ్చేదాకానే నీ మాట."

పెద్దన్న తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, రెండు ప్రభల మధ్య ఖాళీలోకి నడిచాడు. శివాజీ పళ్ళు నూరుకుంటూ వెనకే వెళ్ళాడు.

"కొట్టేదేదో ముందు నన్ను కొట్టండయ్యా" అన్నాడు పెద్దన్న.

కర్రలు పట్టుకున్నవాళ్ళలో ఒక్కడూ కదల్లేదు. తిట్టలేదు, మీసం తిప్పలేదు. ఏం చెయ్యాలో తెలియనట్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

వాళ్ళ మధ్యనుంచి ఒక ముసలామె ముందుకొచ్చింది. అంజమ్మ. ఎర్రగుట్టపాడు ప్రభకు పెద్దగా ఉండేవాడి భార్య. ఉపవాసంతో పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ముందు మీ ప్రభే పోనీ అన్నా" అంది.

పెద్దన్న కర్రల వరస వైపు ఒకసారి చూశాడు. "నువ్వంటే సరిపోద్దా చెల్లెమ్మా? మీ ఆయన ఒప్పుకోవాలిగా. ఏడీ?"

అంజమ్మ కొంగుముడి విప్పి, మడిచిన కాగితాలు తీసి అతని చేతిలో పెట్టింది. చదువు రాని పెద్దన్న వాటిని మనవడికి అందించాడు.

శివాజీ కర్ర చంకలో పెట్టుకుని పైకి చదివాడు. పేరు, తండ్రి పేరు, వయసు. మొదటి పేరు అంజమ్మ భర్తది. తర్వాత ఆమె ఇద్దరు కొడుకులవి. ఆ తర్వాత వరసగా ఊళ్ళోవాళ్ళవే. మొదటి కాగితం అయిపోయింది. రెండోది తిప్పాడు. అతని గొంతు తగ్గుతూ వచ్చింది.

"అందరికీ బైండోవర్. గొడవలకి పోమని పోలీసులు పూచీ రాయించుకున్నారు" అంది అంజమ్మ. "పండగ అయ్యేదాకా స్టేషన్లో కూర్చోబెట్టారు. మీరు తిరిగి కొట్టకపోయేసరికి మావోళ్ళకి అదే అలవాటైందన్నా. పోయినేడు ఇంకో ఊరి మీదకి పోయారు. ఆళ్ళు మీలాటోళ్ళు కాదు. అటూ ఇటూ చానా తలకాయలు పగిలినయ్. ఈ ఏడు మా ఆడోళ్ళకి స్టేషన్ గేటు కాడే జాగారం."

శివాజీ తలెత్తి మోకుల వైపు చూశాడు. వంద మందికి పైనే ఉన్నారు.

"మరి ఈళ్ళంతా ఎవరు?"

"క్వారీల్లో పనిచేసేవోళ్ళు నాయనా. కూలికొచ్చారు. వట్టి చేతుల్తో నిలబడితే మా ఊరోళ్ళు కాదని మీరు కనిపెడతారని కర్రలు కూడా నేనే ఇచ్చా. ఈ ప్రభ కాడ మా ఊరి మనిషిని నేనొక్కదాన్నే. మీవోళ్ళు కర్రలకని ఎనక్కి పోటం చూశా, ఆళ్ళు రాంగానే ఆ కాయితం ఆళ్ళక్కూడా చదివి వినిపియ్యి."