ఆరని లైటు

పొద్దున్నే ఆఫీసుకు పోతూ వినయ్ కుమార్ బండిని జానీ షాపు ముందు స్టాండు వేసి, తాళం తిప్పకుండానే దిగాడు. బ్రేకు మీద కాలు లేదు, చెయ్యీ లేదు. అయినా వెనక బ్రేకు లైటు ఎర్రగా వెలుగుతూనే ఉంది.

"చూడు. నీ కళ్లతో నువ్వే చూడు" అన్నాడు.

జానీ చూసి ఉసూరుమన్నాడు. ఇది మూడోసారి. తెనాలిలో బ్రేకు పనంటే జానీ దగ్గరికే పొమ్మంటారు. ఇప్పుడు ఆ పేరు కాస్తా వేలెడు స్విచ్చి పాలయ్యేలా ఉంది.

వినయ్ జరిగింది చెప్పాడు. నిన్న సాయంత్రం రేపల్లెలో ఆఫీసు నుంచి తిరిగొస్తుంటే భట్టిప్రోలు దాటాక గేదె అడ్డమొచ్చింది. గట్టిగా బ్రేకు తొక్కాడు. వెనక ఇసుక లారీ. బయలుదేరిన దగ్గర్నుంచీ వెలుగుతూనే ఉన్న లైటును చూసి, ఇప్పుడే తొక్కాడని ఆ డ్రైవరుకెలా తెలుస్తుంది? లారీ బంపరు నంబరు ప్లేటుకు తగిలి ఆగింది. డ్రైవరు నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్లు తిన్నవాడికి కూడా అందులో తప్పు కనపడలేదు.

"రోజూ పొద్దున్నే మా అమ్మ ప్రార్థన చేసి పంపిస్తుంది కాబట్టి బతికాను" అన్నాడు వినయ్.

గుంతల రోడ్డు కదా, అదురుకి నట్టు కదులుతోందేమోనని జానీ నసిగాడు.

"ఆడలేక మద్దెల ఓడందంట. రేపు నాకేమన్నా అయితే మా అమ్మకి నువ్వొచ్చి చెప్తావా ఈ మాట?"

జానీకి కోపం రాలేదు. భయం వేసింది. వినయ్ తల్లి వరమ్మ అతనికి తెలుసు. చెడిపోయిన పాత స్విచ్చి తీసి కొత్తది వేసింది ఆవిడ కళ్లముందే. చర్చికి పోతూ కొడుకుతో పాటు ఆగి, స్టూలు మీద కూర్చుని, ఇదెందుకు, అదెందుకు అని అడుగుతూనే ఉంది. జానీ పని చేస్తూనే అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు.

అతను మోకాళ్ల మీద కూర్చుని కాలి బ్రేకు పక్కన తడిమాడు. స్విచ్చిని పట్టి ఉంచే ప్లాస్టిక్ నట్టు మళ్లీ తిరిగి ఉంది. అది కాస్త తిరిగితే చాలు, స్విచ్చి పైకి లేస్తుంది. బ్రేకు తొక్కకుండానే లైటు వెలుగుతుంది. జానీ దాన్ని సరిచేసి, ఇంట్లోకి వెళ్లి భార్య నగ్మా నెయిల్ పాలిష్ తెచ్చి, నట్టు తిరిగితే తెలిసేలా దాని మీదుగా స్విచ్చి మీదికి సన్నగా గీత గీశాడు.

ఆ సాయంత్రం వినయ్ రేపల్లె నుంచి వస్తూ ఆగాడు. గుంతలన్నీ దాటి వచ్చినా గీత చెక్కు చెదరలేదు. లైటు తొక్కితే వెలుగుతోంది, వదిలితే ఆరుతోంది. జానీకి ప్రాణం లేచొచ్చింది.

ఆ ప్రాణం తెల్లారేదాకే నిలిచింది. పొద్దున్నే షాపు తెరుస్తుంటే వినయ్ బండి ముందు నుంచే పోయింది, వెనక ఎర్ర లైటు వెలుగుతూ. జానీ కేకేసి ఆపి, వంగి చూశాడు. నట్టు మీద గీత ఒక పక్క, స్విచ్చి మీద గీత ఒక పక్క.

"సార్, ఇది దానంతటది తిరగలేదు. మీ ఇంటి దగ్గర రాత్రిపూట ఎవరో తిప్పుతున్నారు. మీకు పడనివాళ్లెవరన్నా ఉన్నారా?"

వినయ్ గబుక్కున బండి దిగాడు. పక్కింటి పాండురంగారావుతో మురుక్కాలవ దగ్గర తగాదా అయిందనీ, నీ అంతు చూస్తానని అతను అందరిముందూ అన్నాడనీ చెప్పాడు. పోలీసుల దగ్గరికి పోదామన్నాడు. రుజువు లేకుండా పోతే మనమే నవ్వులపాలవుతామని, ముందు ఆ మనిషిని పట్టుకుందామని జానీ ఆపాడు. నట్టు సరిచేసి పంపించాడు.

మర్నాడు ఇంకా తెల్లవారకముందే అతను సంగం జాగర్లమూడి చేరి, వినయ్ ఇంటి ప్రహరీ పక్కన నక్కాడు. లోపల వినయ్ కిటికీ దగ్గర కాపలా కూర్చున్నాడు. పక్కింట్లో పాండురంగారావు దగ్గు వినిపించింది. తలుపు గడియ తీసిన చప్పుడైంది.

ఎవరో బండి పక్కన కూర్చున్నారు. చెయ్యి కాలి బ్రేకు దగ్గరికి పోయింది. జానీ ఒక్క ఉరుకున వెళ్లి ఆ మణికట్టు దొరకబుచ్చుకున్నాడు.

సన్నటి, ముడతలు పడ్డ చెయ్యి. వరమ్మ. తల మీద కొంగు కప్పుకుని, మోకాళ్ల మీద ఉంది. ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి నట్టు మీద. పెదవుల మీద ప్రార్థన ఇంకా ఆగలేదు. ఆమేన్ అనుకున్నాకే కళ్లు తెరిచింది.

"ఎందుకమ్మా ఇట్టా చేస్తున్నారు?" అన్నాడు జానీ.

ఆవిడ అతనివైపు వింతగా చూసింది.

"నువ్వే కదా నాయనా చెప్పింది, ఈ లైటు వెలిగితే వెనకాలొచ్చేవాడు ఆగుతాడని!"